కొరియా సార్లతో పనిచేసేవాళ్ళు చెప్పండి: మీటింగ్ అయ్యాకే అసలు మీటింగా?

పెనుకొండ_బి_షిఫ్ట్
ఎర్రమంచిలో కియా ప్లాంటు 2019లో మొదలైంది కదా, ఆ చుట్టుపక్కల పెట్టిన కొరియా విడిభాగాల కంపెనీల్లో ఒకదాంట్లో క్వాలిటీలో చేస్తున్నా, నాలుగేళ్ళయింది. కంపెనీ పేరు అడగొద్దు. మా డిపార్ట్‌మెంట్ హెడ్ మన సారే, కానీ పక్క టేబుల్లో ‘కోఆర్డినేటర్’ అని కొరియా నుంచి వచ్చినాయన కూర్చుంటాడు. సంతకం మన సారుది, మాట ఆయనది. మొన్న ఒక లాట్‌లో పార్టు అంచుకి బర్, అంటే పొడుచుకొచ్చిన గరుకు ముక్క, ఉందని నేనే పట్టుకుని, బయటికి పంపొద్దని హోల్డ్ ట్యాగ్ కట్టాను. మీటింగులో పది నిమిషాలు ఇంగ్లీషు నడిచింది, ఆ తర్వాత ఆయనా ఇంకో కొరియా సారూ కొరియన్‌లోకి వెళ్ళిపోయారు, నేను చేతిలో పార్టు పట్టుకుని అలాగే నిలబడ్డా. మధ్యలో నా పేరు రెండుసార్లు వినపడింది. తిట్టారో మెచ్చుకున్నారో ఇప్పటికీ తెలీదు. పొద్దున వచ్చి చూస్తే ట్యాగ్ లేదు, లాట్ వెళ్ళిపోయింది. మనిషి చెడ్డాయన కాదు, మా పాప పుట్టినప్పుడు చాక్లెట్ డబ్బా తెచ్చిచ్చాడు. ఇల్లు, కారు, డ్రైవరు అన్నీ కంపెనీవే, దానికీ నాకు బాధ లేదు. మీ దగ్గరా ఇంతేనా?

తడ_నుంచి
మాది శ్రీసిటీలో జపాన్ కంపెనీ. మా వాళ్ళు అరవరు, కానీ ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతారు. ఎందుకు ఆగింది, అదెందుకు, మళ్ళీ అదెందుకు. మొదట్లో నన్నే దొంగని చేస్తున్నారనుకుని రాత్రుళ్ళు నిద్రపట్టేది కాదు. తర్వాత తెలిసింది, వాళ్ళ పని పద్ధతే అది, పెద్ద సార్నీ అలాగే అడుగుతారు. ఆ పెద్ద సారే ఒకరోజు నడుస్తూ నడుస్తూ కింద పడున్న బోల్టు వంగి తీసి జేబులో వేసుకున్నాడు, మన మేనేజర్ దాన్ని దాటి వెళ్ళాక. అప్పట్నుంచి ఆయన మీద కోపం రావట్లేదు నాకు.

మూడో_బ్యాచ్
మూడునాలుగేళ్ళకి వెళ్ళిపోతారు బ్రో. ఇప్పటికి ముగ్గురికి నేర్పించా, ‘చూస్తాం సార్’ అంటే జరగదని అర్థం అని. నేర్చుకునేసరికి ఫేర్‌వెల్ కేకు. పైగా పీఎఫ్ కూడా కట్టరు.

దుబాసీ_పిల్ల
పీఎఫ్ సంగతి అలా కాదండీ. ఇండియా, కొరియాల మధ్య 2011 నుంచి ఒప్పందం అమల్లో ఉంది. అక్కడి పెన్షన్ కడుతున్నట్టు సర్టిఫికెట్ ఉంటే ఐదేళ్ళ దాకా ఇక్కడ కట్టక్కర్లేదు, కంపెనీ తరఫున అక్కడికి వెళ్ళే మనవాళ్ళకీ అదే రూలు.

నేను రెండేళ్ళు ఇలాంటి కంపెనీలోనే ట్రాన్స్‌లేటర్‌గా చేశాను. అన్నా, వాళ్ళు కొరియన్‌లోకి వెళ్ళేది నీ దగ్గర దాచడానికే అని అనుకోవద్దు, చాలామందికి ఇంగ్లీషు పది నిమిషాలకే అయిపోతుంది. ఇంకోటి, కొరియా మనకన్నా మూడున్నర గంటలు ముందు. ఇక్కడ ఎనిమిదింటికి లైన్ మొదలయ్యేసరికి అక్కడ పదకొండున్నర, హెడ్డాఫీసు వాళ్ళు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసుంటారు. వాళ్ళలో చిన్నోడు బుజాంగ్‌నిమ్ ముందు, అంటే డిపార్ట్‌మెంట్ పెద్ద ముందు, నలుగురిలో ఎదురు మాట్లాడడు. ‘నే, నే’ అంటూ ఉంటాడు, అంటే అవును అని. మనవాళ్ళకి అది ‘లే, లే’ అని వినపడి కాదంటున్నాడనుకునేవాళ్ళు, దాని మీద జరిగిన గొడవలు ఒక పుస్తకం రాయొచ్చు. అయినా చెప్పకుండా నీ ట్యాగ్ తియ్యడం మాత్రం తప్పే, దాన్ని నేను వెనకేసుకురాను.

నగోయా_చలి
చదువుతుంటే సిగ్గేసింది. ఇక్కడ జపాన్‌కి ఆన్‌సైట్ మీద వచ్చినోణ్ణి నేను, మా టీమ్‌లో ఇద్దరం తెలుగోళ్ళం. బగ్ వస్తే ముందు తెలుగులో తేల్చుకుని ఆ తర్వాత వాళ్ళకి చెప్తాం, తొందరగా అయిపోతుందని. మధ్యలో ‘తనాకా-సాన్’ అని పేరు మాత్రం వాళ్ళకి వినపడుతుంది. పాపం ఆయనా పార్టు పట్టుకుని నిలబడినట్టే నిలబడతాడు.

పెనుకొండ_బి_షిఫ్ట్
@నగోయా_చలి నవ్వొచ్చింది అన్నా, కానీ ఆయనకి చెప్పు.
@దుబాసీ_పిల్ల సోమవారం ట్యాగ్ ఎవరు తీశారో అడుగుదామనుకుంటున్నా. బుజాంగ్‌నిమ్ అని పిలవాలా?

దుబాసీ_పిల్ల
సార్ చాలు. నలుగురిలో అడక్కు, కాఫీ మెషిన్ దగ్గర ఒంటరిగా ఉన్నప్పుడు అడుగు. బర్ ఫొటో, కొలత రాసిన కాగితం తీసుకెళ్ళు. నోటితో చెప్తే మళ్ళీ ‘నే, నే’నే.