సొంత తరగతి మీద అధ్యాపకులు చేసే అధ్యయనం పరిశోధన అవుతుందా?

సుద్దముక్క:
మా శాఖలో ఈ వారమంతా ఇదే గొడవ. రసాయన శాస్త్రం చెప్పే సహోద్యోగి ఒకరు, డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలు రసాయన సమతాస్థితి (ఈక్విలిబ్రియం) పాఠం దగ్గర ఎందుకు తడబడుతున్నారో మూడేళ్లు తన తరగతిలోనే పరిశీలించి వ్యాసం ప్రచురించారు. పదోన్నతుల కమిటీ దాన్ని పరిశోధన కింద లెక్కించలేదు. 'బోధనా సేవ' అని రాసి పక్కన పెట్టింది. అదే మనిషి ఒక కొత్త సమ్మేళనం తయారుచేసి ఉంటే, ఆ వ్యాసాన్ని నలుగురే చదివినా పరిశోధన అయ్యేది. అమెరికాలో విద్య మీద పనిచేసే కార్నెగీ ఫౌండేషన్ తరఫున దాని అధ్యక్షుడు ఎర్నెస్ట్ బోయర్ 1990లోనే రాశాడు: కొత్తది కనుక్కోవడం, విడివిడి విషయాలను కలిపి చూడటం, జ్ఞానాన్ని వాడుకలోకి తేవడం, బోధించడం, ఈ నాలుగూ విద్వత్తు కిందికే వస్తాయని. ఇన్నేళ్లయినా నాలుగోదాన్ని గుమ్మం బయటే నిలబెడుతున్నాం. మీరేమంటారు?

లెక్కల పంతులు:
కమిటీ చేసింది సరైన పనే అంటాను. తిట్టేవాళ్లు తిట్టండి. పాఠం చెప్పేది తనే, ప్రశ్నపత్రం తనదే, దిద్దేదీ తనే, చివరికి 'నా పద్ధతి ఫలించింది' అని తేల్చేదీ తనే. వాది, సాక్షి, న్యాయమూర్తి ఒక్కరే అయినచోట తీర్పు ఎటు వస్తుందో చెప్పడానికి గణాంక శాస్త్రం అక్కర్లేదు. నిరుటి పిల్లలు వేరు, ఈ ఏటి పిల్లలు వేరు. కొత్త పద్ధతి మొదలుపెట్టిన ఏడాది అధ్యాపకుడికి ఉండే ఉత్సాహం ఎంత పనిచేసిందో, పద్ధతి ఎంత పనిచేసిందో ఎవరు విడదీస్తారు? పైగా, 'ఎంతో శ్రమపడి మార్చాను, ఏమీ మారలేదు' అని రాసిన వ్యాసం నా కంట ఒక్కటీ పడలేదు. పాఠం బాగా చెప్పేవారికి గౌరవం ఇవ్వండి, జీతం పెంచండి. ఆ పనికి పరిశోధన అని పేరు పెట్టకండి, అంతే.

చివరి బెంచీ:
పంతులు గారూ, మా భౌతిక శాస్త్రంలో జరిగింది ఒకసారి వినండి. బలం అనే భావన పిల్లలకు ఎంత అందిందో చూడటానికి అమెరికా భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ హెస్టీన్స్ బృందం 1992లో ఒక ప్రశ్నావళి ప్రచురించింది. అందులో చేయాల్సిన లెక్క ఒక్కటీ ఉండదు. లారీ, చిన్న కారు ఎదురెదురుగా గుద్దుకుంటే దేని మీద ఎక్కువ బలం పడుతుంది? ఇలాంటివే. రెండింటి మీదా సమానమే. న్యూటన్ మూడో సూత్రాన్ని నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పే విద్యార్థి, ఇక్కడికి వచ్చేసరికి 'కారు మీదే ఎక్కువ' అని గుర్తు పెడతాడు.

ఆ ప్రశ్నావళి తొలి రూపాన్ని చూసి హార్వర్డ్‌లో భౌతిక శాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ తన తరగతికి ఇచ్చాడు. మా పిల్లలకు ఇదో పరీక్షా అనుకునే ఇచ్చాడు. ఒక విద్యార్థి లేచి, మీరు చెప్పినదాన్ని బట్టి జవాబు రాయాలా, నేను మామూలుగా అనుకునేదాన్ని బట్టి రాయాలా అని అడిగిందట. మార్కులు చూశాక ఆయన పాఠం చెప్పే తీరే మార్చుకున్నాడు: ప్రశ్న వేయడం, ఎవరికి వారు జవాబు చెప్పడం, పక్కవారితో వాదించుకోవడం, మళ్లీ జవాబు చెప్పడం. ఇదంతా మొదలైంది సొంత తరగతిలోనే. ఆ తర్వాత 1998లో రిచర్డ్ హేక్ 62 కోర్సుల్లోని 6,542 మంది ఫలితాలు పోల్చాడు. మొదట్లో తెలియనిదాంట్లో చివరికి ఎంత భాగం నేర్చుకున్నారన్నది ఆయన కొలత. ఉపన్యాసమే ప్రధానమైన తరగతుల్లో సగటు 0.23. విద్యార్థుల చేత ఆలోచింపజేసి మాట్లాడించిన తరగతుల్లో 0.48.

లెక్కల పంతులు:
మంచి ఉదాహరణే, కానీ నా వాదనకు పనికొస్తుంది. మజూర్‌ను కదిలించిన పరీక్ష ఆయన తయారుచేసింది కాదు. కొలబద్ద బయటి నుంచి వచ్చింది కాబట్టే ఫలితం కుట్టింది. ఇక హేక్‌కు వివరాలు పంపినవారు తమంతట తాము ముందుకొచ్చినవారు. తరగతి బెడిసికొట్టినవాళ్లు ఎందుకు పంపుతారు? స్కాట్ ఫ్రీమన్ బృందం 2014లో 225 అధ్యయనాలను కలిపి చూసి, తరగతిలో చురుగ్గా పాల్గొన్నవారితో పోలిస్తే ఒట్టి ఉపన్యాసాలు విన్నవారు ఫెయిలయ్యే అవకాశం ఒకటిన్నర రెట్లు అని తేల్చింది. దాన్ని ఒప్పుకుంటాను. అది పరిశోధన. ఇటుక కాల్చిన ప్రతివారినీ మేస్త్రీ అంటే మాత్రం ఒప్పుకోను.

చివరి బెంచీ:
ఇటుకలు కాల్చేవారు మానేస్తే ఆ 225 ఎక్కడి నుంచి వచ్చేవి? మీ శాఖలో నిరూపించే ప్రతి చిన్న ఉపసిద్ధాంతానికీ ఇదే నియమం పెడతారా?

మొన్నటి విద్యార్థి:
పెద్దలు వాదించుకుంటుండగా మధ్యలో వచ్చాను, ఏమీ అనుకోకండి. మా తరగతిలో ఇలాంటి అధ్యయనం జరిగింది. అంగీకార పత్రం మీద సంతకం ఐచ్ఛికమే అన్నారు. పత్రం చేతికిచ్చింది మార్కులు వేసే సారే. ఆయన ఎదురుగా నిలబడి 'పెట్టను' అనగలిగేవారు ఎందరు? పరిశోధన అని పిలవాలా వద్దా అని మీరు తేల్చుకునేలోపు ఇది కూడా చూడండి.

సుద్దముక్క:
ఇది నేను మొదటే రాయవలసింది. మా సహోద్యోగి విషయంలో పత్రాలు వేరే శాఖవారు తీసుకున్నారు. ఎవరు సంతకం పెట్టారో ఫలితాలు ప్రకటించేదాకా ఆయనకు తెలియదు. అందరూ ఇంత జాగ్రత్త పడతారని అనను. మీకు జరిగింది తప్పే.

పంతులు గారూ, మనం ఇంతసేపూ వేరే వ్యాసం గురించి మాట్లాడుకుంటున్నాం. 'నా పద్ధతి ఫలించింది' అని ఆయన ఎక్కడా రాయలేదు. విద్యార్థులను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, లెక్క చేస్తూ మనసులో అనుకునేదంతా పైకి చెప్పమన్నారు. సమతాస్థితి అంటే చర్య ఆగిపోవడం అని కొందరు, రెండువైపులా పదార్థాలు సమాన పరిమాణంలో ఉండటం అని మరికొందరు. నిజానికి ముందుకూ వెనక్కూ చర్య ఒకే వేగంతో నడుస్తూనే ఉంటుంది. తప్పు నమ్మకం ఉన్నవాళ్లు కూడా సూత్రంలో విలువలు వేసి సరైన జవాబు రాబట్టారు. అంటే మా పరీక్షలు ఇన్నాళ్లూ కొలిచింది ఏమిటి? విద్యార్థుల అభిప్రాయం అడిగితే సరిపోతుందనీ అనలేం. 2019లో హార్వర్డ్ భౌతిక శాస్త్ర తరగతుల్లో చూస్తే, చురుగ్గా పాల్గొన్నవారు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామనే అనుకున్నారు. చక్కటి ఉపన్యాసం విన్నవారిది అందుకు తలకిందులు.

లెక్కల పంతులు:
మొదటే ఇలా చెప్పి ఉంటే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. 'ఏది ఫలించింది' అనే వ్యాసాల మీద నా కోపం అలాగే ఉంది. 'ఎక్కడ తప్పుతున్నారు' అనేది వేరే జాతి. అందులో గెలవాలనే తొందర ఉండదు. పదోన్నతి మాటకొస్తే, విద్యా పరిశోధన తెలిసినవారు ఒక్కరైనా కమిటీలో ఉండి అంచనా వేస్తేనే ఒప్పుకుంటాను. రసాయన శాస్త్రజ్ఞులు నలుగురు కూర్చుని ఇంటర్వ్యూల వ్యాసాన్ని తూచడం ఎలా కుదురుతుంది?

ఇంకొక్క మాట. వాళ్లను అడిగిన ప్రశ్నలు పంపగలరా? మా పిల్లలు అవధి (లిమిట్) అంటే 'దగ్గరికి వెళ్తుంది కానీ ఎప్పటికీ చేరదు' అంటారు. విలువ ఎప్పుడూ మారని స్థిర ప్రమేయం మొదటి నుంచీ దాని అవధి దగ్గరే ఉంటుంది కదా, దాని సంగతి అడిగితే బిక్కమొహం వేస్తారు. లెక్కలు మాత్రం అన్నీ సరిగ్గానే చేస్తారు. వచ్చే వారం ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి అడగాలని ఉంది.

చివరి బెంచీ:
అంగీకార పత్రం మరిచిపోకండి, పంతులు గారూ.