మోకాలి కీలు అరిగిందన్నాక పరుగు మానేయాలా, కొనసాగించాలా?

ఉదయపుపరుగు:
నా వయసు 48. చాలా ఏళ్లుగా పరుగెత్తుతున్నాను, పోటీల కోసమేం కాదు, ఒంటికీ మనసుకీ బాగుంటుందని. కొంతకాలంగా మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు నొప్పి పెడుతోంది. పొద్దున లేవగానే కాసేపు పట్టేసినట్టు ఉండి, నాలుగడుగులు వేస్తే సర్దుకుంటోంది. ఎక్స్‌రే తీస్తే ఆస్టియో ఆర్థరైటిస్ (కీళ్ల అరుగుదల), నాలుగు దాకా ఉండే గ్రేడ్‌లలో గ్రేడ్ 2 అన్నారు. అయోమయం అక్కడే మొదలైంది. ఒక డాక్టరు "గుజ్జు తగ్గిపోయింది, పరుగు, మెట్లు, గుంజీలు అన్నీ బంద్, ఈత కొట్టండి చాలు" అన్నారు. ఇంకొకరు అదే ఎక్స్‌రే చూసి "పరుగు ఆపాల్సిన పని లేదు, తొడ కండరాలు గట్టిపరచుకోండి, నొప్పిని బట్టి తగ్గించుకుంటూ పెంచుకుంటూ వెళ్లండి" అన్నారు. ఇద్దరూ నమ్మకంగానే చెప్పారు. పరుగు మానితే నాకు నిద్ర పట్టదు, బరువు పెరుగుతాను. మానకపోతే మిగిలిన ఆ కాస్త మోకాలినీ నా చేతులారా పాడుచేసుకుంటున్నానేమో అని టెన్షన్. ఊరికే ధైర్యం చెప్పొద్దు, మానమన్నా మానొద్దన్నా ఎందుకో కూడా చెప్పండి.

నిదానం:
మానేయండి. మీ డాక్టరు గుజ్జు అన్నది మృదులాస్థిని, అంటే కీలులో ఎముకల చివర్లని కప్పే నున్నటి పొరని. అది అరిగితే మళ్లీ మామూలుగా పెరగదు, పెంచే మందు ఇప్పటిదాకా రాలేదు. టైరు అరిగిన బండిని ఎంత తక్కువ తిప్పితే అంత ఎక్కువ కాలం వస్తుంది, ఇందులో అర్థం కానిది ఏముంది? పరుగులో ఒక్కో అడుగుకి మోకాలి మీద పడే భారం నడకలో కన్నా చాలా ఎక్కువ. గుండెకీ బరువుకీ వ్యాయామం కావాలంటే ఈత ఉంది, సైకిల్ ఉంది, వాటితో రాని లాభం పరుగుతో ఏం వస్తుంది? మా అక్క 50 దాటాక కూడా నొప్పి మాత్రలు వేసుకుని మరీ బ్యాడ్మింటన్ ఆడింది, చివరికి మోకాలి మార్పిడి దాకా వెళ్లింది. మార్చిన కీలు చాలామందికి ఇరవై ఏళ్లు దాటి పనిచేస్తుందన్నది నిజమే కానీ, యాభైల్లోనే మార్పించుకున్నవాళ్లకి రెండోసారి ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం, డెబ్భైల్లో చేయించుకున్నవాళ్లతో పోలిస్తే ఎక్కువ. మీకింకా 48. ఆ రోజు ఎంత వెనక్కి జరిగితే అంత మంచిది.

చదువరి:
నిదానం గారూ, మీ అక్కగారి బాధ అర్థమవుతుంది, కానీ టైరు లెక్క ఇక్కడ కుదరదండి. టైరుకి ప్రాణం లేదు. మృదులాస్థిలో జీవకణాలున్నాయి. దానికి రక్తనాళాలు లేవు కాబట్టి పోషణంతా కీలులో ఉండే ద్రవం నుంచే అందాలి, ఆ ద్రవం లోపలికీ బయటికీ ఆడాలంటే కీలు మీద భారం పడుతూ, తగ్గుతూ ఉండాలి. అసలు బరువే మోపకుండా నెలల తరబడి ఉంచిన కాలులో మృదులాస్థి పలచబడుతుంది, వెన్నెముక దెబ్బతిని కాళ్లు చచ్చుబడినవాళ్లలో ఇది చూశారు. అంటే వాడకపోతే కీలు భద్రంగా దాచిపెట్టినట్టు అనుకోవడమే తప్పు. పైగా ఈ జబ్బు ఒక్క గుజ్జుకి సంబంధించింది కాదు, కింద ఉన్న ఎముక, చుట్టూ ఉన్న పొర, కండరం, అన్నీ అందులో భాగమే. మృదులాస్థికి నరాలు కూడా లేవు, కాబట్టి నొప్పి పుట్టేది ఆ చుట్టుపక్కల నుంచే.

ఇక పరుగు సంగతి. 2017లో చాలా అధ్యయనాలని కలిపి లెక్కేస్తే, సరదాకి పరుగెత్తేవాళ్లలో తుంటి, మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్ 3.5 శాతం మందికి కనిపించింది, పరుగు అలవాటు లేకుండా కూర్చునే జీవితం గడిపేవాళ్లలో 10.2 శాతం, పోటీల్లో తలపడే స్థాయివాళ్లలో 13.3 శాతం. అతి చేసినా ముప్పే, అసలు చేయకపోయినా ముప్పే. "అవి జబ్బు రాకముందు లెక్కలు, నాకు వచ్చేసింది కదా" అంటారేమో. 50 దాటి, అప్పటికే మోకాలి అరుగుదల ఉన్నవాళ్లని అమెరికాలో నాలుగేళ్లు గమనించి 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. తమంతట తాము పరుగెత్తినవాళ్లలో నొప్పి గానీ, ఎక్స్‌రేలో అరుగుదల గానీ మిగతావాళ్ల కన్నా ఎక్కువ ముదరలేదు.

ఇంకో మాట, ఎక్స్‌రే చూసి మరీ అంత బెదిరిపోకండి. గ్రేడ్‌లు ఇచ్చే ఈ పద్ధతి 1957 నాటిది, ఎముకల మధ్య సందు ఎంత ఉంది, అంచుల్లో ఎముక పెరిగిందా అన్నది చూసి చెబుతారు. ఆ గ్రేడ్‌కీ, మనిషి పడే నొప్పికీ పొంతన తక్కువ. ఎక్స్‌రేలో ఏ అరుగుదలా లేని, 50 దాటిన 710 మందికి ఎమ్మారై తీస్తే 89 శాతం మందిలో ఏదో ఒక లోపం కనిపించింది, వాళ్లలో నొప్పి లేనివాళ్లు బోలెడు మంది.

నిదానం:
చదువరి గారు అంకెలు బాగానే చెప్పారు కానీ వాటిలో ఉన్న చిల్లు చెప్పలేదు. "తమంతట తాము పరుగెత్తినవాళ్లు" అన్నారు చూడండి, కథంతా అక్కడే ఉంది. నొప్పి తట్టుకోలేనివాళ్లు ఎప్పుడో మానేసి ఉంటారు, మిగిలినవాళ్లని లెక్కేసి పరుగు వల్ల హాని లేదంటే ఎలా? సగం మందిని పరుగెత్తించి, సగం మందిని ఆపి, పదేళ్లు చూస్తే అప్పుడు నమ్ముతాను.

వ్యాయామం గురించి కూడా మరీ ఆకాశానికి ఎత్తేస్తున్నారు. 2024లో కాక్రేన్ వాళ్లు (వైద్య పరిశోధనలని కలిపి సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) 139 అధ్యయనాలు కలిపి చూసి, మోకాలి అరుగుదలకి వ్యాయామం వల్ల నొప్పి కొంత తగ్గుతుంది గానీ ఆ తగ్గడం మనిషికి తెలిసేంత పెద్దదో కాదో ఖాయంగా చెప్పలేమన్నారు. 2021లో 377 మందితో చేసిన ఇంకో పరీక్షలో, కొందరితో భారీ బరువులు ఎత్తించారు, కొందరితో తేలికవి, కొందరికి ఆరోగ్యం మీద పాఠాలు చెప్పి ఊరుకున్నారు. ఏడాదిన్నర తర్వాత మోకాలి నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంత సందిగ్ధం ఉన్నప్పుడు జాగ్రత్త వైపు మొగ్గడమే కదా తెలివి?

చదువరి:
మొదటి అభ్యంతరం న్యాయమైనదే. పరుగు మోకాలిని కాపాడుతుందని నేను అనను, ఆ అధ్యయనాలు అంత దూరం వెళ్లలేవు. కానీ మీరు చెప్పిన 2021 పరీక్షనే ఇంకొంచెం చదవండి. భారీ బరువులు ఎత్తినవాళ్లకి నొప్పి పెరగలేదు, కీలు మీద ఒత్తిడీ పెరగలేదు. అరిగిన మోకాలికి పని చెబితే పాడైపోతుందన్నది మీ వాదన అయితే, ఏడాదిన్నర బరువులెత్తిన ఆ మోకాళ్లు మీకు ఎదురు సాక్ష్యం చెబుతున్నాయి. జాగ్రత్త పేరుతో కూర్చోవడానికి కూడా ఒక ఖరీదు ఉంది: కండరం తగ్గుతుంది, బరువు పెరుగుతుంది, షుగర్, బీపీ, గుండె, నిద్ర, అన్నీ కదులుతాయి. ఆ నష్టం ఎక్స్‌రేలో కనబడదు కాబట్టి ఎవరూ లెక్కేయరు.

ఫిజియోపని:
నేను ఈ వృత్తిలోనే ఉన్నాను, రోజూ ఇవే మోకాళ్లు. ఇద్దరి వాదనలూ "మానాలా, మానకూడదా" దగ్గరే ఆగిపోయాయి. నేను వచ్చినవాళ్లని అడిగేది ఎంత, ఎన్నిసార్లు, ఆ తర్వాత మోకాలు ఏమంటోంది అని. ఉదయపుపరుగు గారూ, నొప్పికి సున్నా నుంచి పది దాకా మీరే మార్కులు వేసుకోండి. రెండు లోపు ఉంటే హాయిగా చేయండి. మూడు నుంచి ఐదు మధ్య ఉంటే ఫర్వాలేదు, కానీ మర్నాటికల్లా మామూలు స్థితికి రావాలి. ఐదు దాటినా, మర్నాడు మోకాలు వాచినా, పొద్దున బిగుసుకుపోవడం ఎక్కువైనా చేసింది ఎక్కువైందని అర్థం, తర్వాతిసారి దూరమో వేగమో తగ్గించాలి. పూర్తిగా ఆపేసి నెల తర్వాత మళ్లీ పాత దూరంతో మొదలుపెట్టేవాళ్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు, ఆపిన ఆ నెలలో కండరం తగ్గిపోయి ఉంటుంది.

నడక, పరుగు భారం గురించి నిదానం గారు అన్నది సగం నిజం. ఒక్కో అడుగు లెక్కన పరుగులో చాలా ఎక్కువే. కానీ పరుగులో అడుగులు దూరంగా పడతాయి, పాదం నేల మీద ఉండే సమయం తక్కువ, అందుకే ఒక కిలోమీటరు మొత్తానికి మోకాలి మీద పడే భారం రెండింటికీ దగ్గర దగ్గరగానే వస్తుంది. మెట్లు దిగడంలో నొప్పి ఎక్కువ కావడం మామూలే, చదునైన నేల మీద నడిచేటప్పుడు కీలు మీద శరీర బరువుకి రెండున్నర రెట్లు పడితే, మెట్లు దిగేటప్పుడు దాదాపు మూడున్నర రెట్లు. కాబట్టి పరుగు సంగతి తేల్చే ముందు తొడ ముందు కండరం, పిరుదు కండరాలు, పిక్కలు, వీటి మీద వారానికి రెండు మూడు రోజులు పని చేయండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా నెమ్మదిగా లేచి, అంతకన్నా నెమ్మదిగా కూర్చోవడం, తక్కువ ఎత్తు మెట్టు ఎక్కి దిగడం, వీటితో మొదలుపెట్టొచ్చు. మొదటి కొన్ని వారాలు నొప్పి కాస్త పెరగొచ్చు, ఇది ముందే చెప్పకపోతే జనం రెండో వారంలోనే మానేస్తారు. బ్రిటన్‌లో ఏ జబ్బుకి ఏ చికిత్స ఇవ్వాలో సూచించే నైస్ అనే సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఇదే ముందుగా రోగికి చెప్పమన్నారు.

ఇవన్నీ మామూలు అరుగుదలకి చెప్పినవి. కీలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం ఉంటే, దెబ్బ తగిలాక కాలు మోపలేకపోతే, మోకాలు ఇరుక్కుపోయి చాపలేకపోతే, పొద్దున బిగుసుకుపోవడం అరగంట దాటి గంటల తరబడి ఉంటే, ఈ చర్చ చదువుతూ కూర్చోకండి, డాక్టరుకి చూపించండి.

మూడోఅంతస్తు:
ఇంతమంది ఇంత రాశారు, అంతా పరుగు గురించే. నాకు 53, జీవితంలో ఎప్పుడూ పరుగెత్తలేదు, రెండు మోకాళ్లూ అరిగాయన్నారు. మాలాంటి వాళ్లే ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ఈ జబ్బున్నవాళ్లు 52.8 కోట్ల మంది, అందులో 60 శాతం ఆడవాళ్లు. నాకు కావాల్సింది నేల మీంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవడం, ఆగకుండా మూడో అంతస్తు చేరడం.

నాకు అందరూ ఇచ్చిన సలహా నిదానం గారు ఇచ్చిందే: మెట్లు ఎక్కకు, కింద కూర్చోకు, బరువులు ఎత్తకు. ప్రేమతోనే చెప్పారు. దాన్ని పాటించిన కొద్దీ చేయగలిగే పనుల జాబితా చిన్నదైపోయింది, నొప్పి మాత్రం తగ్గలేదు. బయటికి రమ్మంటే ముందు "అక్కడ లిఫ్ట్ ఉందా" అని అడిగేదాన్ని. ఒక ఫిజియో అమ్మాయి కుర్చీ వ్యాయామం, మెట్టు వ్యాయామం నేర్పించాక నాకు ముందు తగ్గింది భయం, నొప్పి తర్వాత. ఇప్పుడు మెట్లెక్కుతున్నాను, నెమ్మదిగా, రెయిలింగ్ పట్టుకునే, కానీ ఎక్కుతున్నాను.

బరువు గురించి కూడా ఒక మాట. గదిలోకి అడుగు పెట్టగానే "ముందు బరువు తగ్గండి" అని ఒక డాక్టరు నా మోకాలు ముట్టుకోకుండానే పంపించేశారు. ఆ మాటలో నిజం ఉంది, ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని తర్వాత తెలిసింది, అది నాకు ఉత్సాహం ఇచ్చింది కూడా. అదే విషయాన్ని ఆయన చెప్పి ఉంటే ఎంత బాగుండేది! కదిలితే అరిగిపోతావని భయపెట్టి, వెంటనే బరువు తగ్గమంటే మనిషి ఏం చేయాలండి?

చదువరి:
మూడోఅంతస్తు గారూ, మీరు రాసింది నేను తెచ్చిన అంకెలన్నిటికన్నా పనికొచ్చేది. బరువు ఎక్కువున్న 454 మందితో చేసి 2013లో ప్రచురించిన ఒక పరీక్ష మీ మాటకి బలం, తిండి మార్పు, వ్యాయామం రెండూ కలిపి చేసినవాళ్లకే నొప్పి ఎక్కువ తగ్గింది, ఒక్క వ్యాయామమే చేసినవాళ్లకి అంత తగ్గలేదు.

నిదానం:
మూడోఅంతస్తు గారూ, మెట్లెక్కొద్దని నేను మీకు చెప్పను. రోజువారీ పనులకి కావాల్సిన బలం వేరు, ఇష్టం కోసం చేసే పరుగు వేరు. నా అభ్యంతరం రెండోదానికే. ఇంకోటి, నొప్పి వస్తే ఇంజెక్షన్ వేయించుకుని పరుగు కొనసాగించేవాళ్లని చూశాను. దాని గురించి ఎవరూ మాట్లాడట్లేదు.

ఫిజియోపని:
మంచి ప్రశ్న. స్టిరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది, నొప్పితో కదలలేనివాళ్లకి అది అవసరం కావచ్చు. కానీ మూడు నెలలకొకసారి చొప్పున రెండేళ్లు వేసి చూసిన 2017 పరీక్షలో, పోలిక కోసం మందు లేని ఉత్తి ఉప్పునీళ్ల ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ల కన్నా నొప్పి ఎక్కువేమీ తగ్గలేదు, మృదులాస్థి మాత్రం ఎక్కువ తగ్గింది. 2020లో ఫిజియోథెరపీని, ఈ ఇంజెక్షన్‌ని పక్కపక్కన పెట్టి చూస్తే ఏడాది తర్వాత ఫిజియోథెరపీ తీసుకున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు. నొప్పి తెలియకుండా చేసుకుని పరుగెత్తొద్దు, మాత్రలు వేసుకుని కూడా. ఎంత చేయాలో చెప్పేది ఆ నొప్పే, దాన్నే మూసేస్తే ఇక దేన్ని బట్టి తగ్గిస్తారు? ఈ ఒక్క విషయంలో నేను పూర్తిగా నిదానం గారి పక్షం.

ఉదయపుపరుగు:
అందరికీ ధన్యవాదాలు. పరుగు మానట్లేదు, కానీ ఇప్పటిలా పరుగెత్తను. రోజు విడిచి రోజు, కాసేపు పరుగు కాసేపు నడక, మధ్య రోజుల్లో కండరాల వ్యాయామం, ఒకరోజు సైకిల్. దిగుడు దారులు కొంతకాలం వదిలేస్తాను. ఇంజెక్షన్ జోలికి వెళ్లను. మర్నాడు వాపు ఉంటే ఆ వారం నడకే. నిదానం గారూ, ఇలా చేసినా మీ దృష్టిలో తప్పేనా?

నిదానం:
తప్పని అనను. వాపు వస్తే తగ్గిస్తానన్నారు, మా అక్క ఎన్నడూ అలా తగ్గించలేదు. అయినా ఆ పరుగు భాగం తీసేసి అంతసేపూ సైకిలే తొక్కితే మీకేం తగ్గుతుందో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

ఉదయపుపరుగు:
నాకు సైకిల్ ఇష్టం లేదండి, ఇష్టం లేనిది నెల మించి చేయను. పరుగైతే చేస్తాను.