పాత కాన్‌స్టాంటినోపుల్ బొమ్మల పుస్తకం: ప్లేట్లు అన్నీ ఉన్నాయో లేదో ఎలా తేల్చాలి?

తిరువాన్మియూర్ పాఠకుడు:
థామస్ ఆలమ్ బొమ్మలు, రాబర్ట్ వాల్ష్ వివరణలు ఉన్న ‘కాన్‌స్టాంటినోపుల్ అండ్ ద సీనరీ ఆఫ్ ద సెవెన్ చర్చెస్ ఆఫ్ ఏషియా మైనర్’ దొరికింది. రెండు భాగాలూ ఒకే తోలు బైండులో ఉన్నాయి. ముఖపత్రం మీద సంవత్సరం లేదు. పై అట్ట ఊడింది, ప్లేట్ల (విడిగా అచ్చేసి పుస్తకంలో కుట్టిన బొమ్మల పేజీల) అంచుల్లో గోధుమరంగు మచ్చలున్నాయి. ప్లేట్లు ఏవైనా పోయాయా, బొమ్మలు అసలువేనా, సముద్రం పక్క ఇంట్లో దీన్ని ఎలా దాచాలి?

పాతకాగితం:
సంవత్సరం లేకపోవడం దీన్ని అచ్చేసిన లండన్ ప్రచురణకర్తలు ఫిషర్ వాళ్ల పుస్తకాల్లో మామూలేనండి. ఇది 1838 ప్రాంతంలో మొదలైంది, ముందుమాట చివరా ప్లేట్ల అడుగునా తేదీ ఉందేమో చూడండి. ఈ బొమ్మలు ఉక్కు రేకు మీద చెక్కి అచ్చేసినవి. ఆ ఉక్కు ప్లేటు రాగిలా త్వరగా అరగదు, వేలకొద్దీ ప్రతులు తీయొచ్చు. అందుకే పుస్తకం మరీ అరుదు కాదు, బొమ్మలన్నీ ఉన్న ప్రతే అరుదు. ఫ్రేము కట్టి విడిగా అమ్ముకోడానికి కోసేస్తారు కదా.

ప్లేట్ల పట్టికలో ప్రతి బొమ్మకూ ఎదుటి పేజీ అంకె ఉంటుంది, పెన్సిల్‌తో టిక్కు పెడుతూ పోండి. ఎక్కడైనా అచ్చు పేజీ మీద, ఎదుటి బొమ్మ నుంచి దిగిన లేత గోధుమ నీడలో మినారు ఆకారం కనబడి, ఎదురుగా ప్లేటు లేదంటే అది పోయినట్టే. కుట్టు దగ్గర సన్నని కాగితపు అంచు మిగిలిందేమో కూడా చూడండి. అసలుదా కాదా అంటే 10 రెట్ల భూతద్దం చాలు: తెగని గీతలుంటే చెక్కిన ప్లేటు, వరసగా చుక్కలుంటే తర్వాతి కాలపు ఫొటో అచ్చు. ప్లేటు నొక్కుడు గీత (అచ్చేసేటప్పుడు లోహపు రేకు అంచు కాగితం మీద వదిలే గుర్తు) లేదని కంగారొద్దు, అది అంచు కోతలో పోతుంటుంది.

అడయార్ బైండర్:
ఆ మచ్చల్ని ఫాక్సింగ్ అంటారు. చెమ్మ, బూజు, కాగితంలోని ఇనుప రేణువులు దానికి కారణం. బ్లీచింగ్ చేయొద్దు, డాబా మీద ఎండలో అసలే పెట్టొద్దు, కాగితం పెళుసెక్కుతుంది. బీరువాలో తేమ మీటరు పెట్టి 50-55 శాతం దగ్గర ఉంచండి. 65 దాటితే బూజుకి పండగే. రాత్రి ఏసీ వేసి పగలు ఆపడం కన్నా, మూసిన అద్దాల బీరువాలో తేమ పీల్చే సిలికా జెల్ గింజలు మేలు. గింజల రంగు మారగానే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడి చేసి మళ్లీ వాడొచ్చు. పాలిథీన్ కవరు, కలరా ఉండలు వద్దు.

ఊడిన అట్టకి ఫెవికాల్ పెట్టకండి. రేపు ఎవరు విప్పబోయినా తోలు చినుగుతుంది. నూలు నాడాతో వదులుగా కట్టి ఉంచండి. తోలు ఎర్రగా పొడి రాలుతుంటే నూనె రాయొద్దు. 100 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 2 గ్రాముల క్లూసెల్-జి (పొడిబారిన తోలును గట్టిపరిచే సెల్యులోజ్ పొడి) కరిగించి, ముందు కనబడని మూలలో పూసి చూడండి. పొడి ఆగుతుంది గానీ అట్ట అతుక్కోదు, ఆ పని గోధుమ గంజి వాడే బైండరుది.

తిరువాన్మియూర్ పాఠకుడు:
ఇంకొకటండి. ఆ ఏడు సంఘాల ఊళ్లలో ఒకటైన ఎఫెసులోని అర్తెమిదేవి గుడి, సెల్సస్ గ్రంథాలయం బొమ్మలు ఎక్కడా కనబడలేదు. చింపేశారా?

పాతకాగితం:
లేదండి, అప్పటికి అవి కంటికి కనబడేవే కావు. గుడి పునాది బయటపడింది 1869లో. ఫొటోల్లో చూసే గ్రంథాలయం ముఖభాగాన్ని 1970ల్లో రాళ్లు పేర్చి మళ్లీ నిలబెట్టారు. అది ఉన్న ‘ప్లేటు’ ఎవరైనా అమ్మజూపితే కొనకండి.