దెగా 'లెత్వాల్' (అంటే తార) బొమ్మలో ఆ నల్ల సూటాయన ఎవరు?

కూకట్‌పల్లి_కుంచె:
మా అపార్ట్‌మెంట్ పిల్లల డాన్స్ ప్రోగ్రామ్‌కి పోస్టర్ చేస్తున్నా. ఎడ్గార్ దెగా వేసిన ఈ బ్యాలే బొమ్మ నచ్చింది, తెల్ల గౌను, మెడకు నల్ల రిబ్బను, ఒంటికాలి మీద చేతులు చాపిన అమ్మాయి. కానీ వెనక నల్ల సూటులో ఎవరో ఉన్నాడు, తల సీనరీ చాటుకి పోయింది, మొండెమూ కాళ్లే కనిపిస్తున్నాయి. డైరెక్టరా? క్రాప్ చేసేయొచ్చా? స్టేజీ సగం ఎందుకంత ఖాళీ?

సైడ్‌వింగ్:
డైరెక్టర్ కాదండీ. అప్పట్లో పారిస్ ఒపేరాలో సీజన్ మొత్తానికి సీట్లు తీసుకునే డబ్బున్న మగాళ్లుండేవారు, అబొనేలు అనేవారు, వాళ్లకి తెర వెనక్కి వెళ్లే వీలు కూడా ఉండేది. డాన్సర్లలో చాలామంది పేదింటి పిల్లలు, ఆపైన ఏం జరిగేదో విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ సూటాయన్ని కూడా అలాంటివాడనే చాలామంది అనుకుంటారు. ఆయన్ని కోసేస్తే బొమ్మలో అసలు విషయమే పోతుంది. అయినా పిల్లల ప్రోగ్రామ్‌కి ఇదేనా దొరికింది?

బాల్కనీ_టికెట్:
ఖాళీ సంగతి నేను చెప్తా. దెగా మనల్ని పై బాక్సులో కూర్చోబెట్టాడు, అందుకే నేల అంత కనిపిస్తుంది. రవీంద్రభారతిలో బాగా పక్క సీటు దొరికితే ఆట కంటే వింగ్స్‌లో మేకప్‌తో వంతు కోసం నిలబడ్డవాళ్లే ఎక్కువ కనిపిస్తారు కదా, ఇక్కడా సరిగ్గా అంతే, మిగతా డాన్సర్లు వెనక సగం సగం కనిపిస్తారు. ఆ అమ్మాయి ముఖం మీద వెలుగు చూడండి, కింద ఫుట్‌లైట్ల నుంచి వస్తోంది, గడ్డం కిందా మెడ మీదా పడుతోంది.

రంగుసుద్ద:
ఇంకో మాట, పోస్టర్ సైజుకి లాగేముందు ఆలోచించు బ్రో, అసలు బొమ్మే 58 సెంటీమీటర్ల ఎత్తు. రేకు మీద ఇంకుతో గీసి, కాగితం మీద అచ్చు తీసి, దాని మీద పాస్టెల్ పూశాడు. 1877లో ఇంప్రెషనిస్టులనే చిత్రకారుల బృందం మూడో ప్రదర్శనలో పెట్టారు, ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. ఆ ఇంప్రెషనిస్టు అన్న పేరంటేనే ఆయనకి పడేది కాదు, అది వేరే గొడవ.

పిల్లలకైతే రెన్వార్ 1879లో వేసిన ఫెర్నాండో సర్కస్ బొమ్మ చూడు. ఇద్దరు అక్కచెల్లెళ్లు, బంగారు రంగు డ్రెస్సులు, ఒకమ్మాయి చేతుల నిండా జనం విసిరిన నారింజలు.

సైడ్‌వింగ్:
దాంట్లోనూ వెనక నల్ల సూట్లున్నాయిగా, కాకపోతే టికెట్ కొన్న సీట్లలోనే కూర్చున్నారు.

కూకట్‌పల్లి_కుంచె:
అయితే నారింజలే ఫిక్స్. థాంక్స్ అందరికీ.