గ్రోమాక్స్‌ను సోర్స్ నుంచి కంపైల్ చేసేటప్పుడు ఏ ఆప్షన్లు పెట్టుకోవాలి?

హన్మకొండ పరిశోధక విద్యార్థి: ప్రోటీన్ల సిమ్యులేషన్ కోసం గ్రోమాక్స్ వాడుతున్నాను. ఉబుంటు ప్యాకేజీగా పెట్టుకున్నది నా కంప్యూటర్‌లోని ఎన్‌విడియా కార్డును గుర్తించడం లేదు కనుక సోర్స్ నుంచి కట్టుకోవాలనుకుంటున్నాను. సీమేక్ (కంపైల్‌కు ముందు అమరికలను సిద్ధం చేసే సాధనం) చూపే ఆప్షన్లలో దేన్ని మార్చాలో, దేన్ని వదిలేయాలో తెలియడం లేదు. డబుల్ ప్రిసిషన్ (సంఖ్యలను 64 బిట్లలో, ఎక్కువ కచ్చితత్వంతో లెక్కించడం) తప్పనిసరి అని మా సీనియర్ అంటున్నారు. ఇదే పని తర్వాత మా విభాగం క్లస్టర్‌లోనూ (కలిసి పనిచేసే కంప్యూటర్ల సమూహంలోనూ) చేయాలి.

కాజీపేట వాసి: మీ సీనియర్ మాట నార్మల్ మోడ్ విశ్లేషణ వంటి కొన్ని పనులకు సరిపోతుంది గాని, మామూలు మాలిక్యులర్ డైనమిక్స్‌కు కాదు. గ్రోమాక్స్ డిఫాల్ట్‌గా మిక్స్‌డ్ ప్రిసిషన్‌లో (ఎక్కువ భాగం 32 బిట్ల సింగిల్ ప్రిసిషన్‌లో) నడుస్తూ, అవసరమైన చోట్ల కూడికలను డబుల్‌లోనే చేసుకుంటుంది. పైగా డబుల్ ప్రిసిషన్ బిల్డ్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) పనిచేయదు. అంటే మీరు దేనికోసం సోర్స్ దాకా వచ్చారో అదే పోతుంది. జీఎంఎక్స్_జీపీయూ ఆప్షన్‌కు కుడా (ఎన్‌విడియా కార్డుల మీద లెక్కలు నడిపే వేదిక) అని ఇచ్చి, జీఎంఎక్స్_డబుల్ జోలికి వెళ్లకండి. ఒక్కో కుడా వెర్షన్ కొంతవరకు మాత్రమే కొత్త జీసీసీ కంపైలర్‌ను ఒప్పుకుంటుంది కాబట్టి ఆ జతను ముందే సరిచూసుకోండి.

కరీంనగర్ నుంచి: క్లస్టర్ విషయంలో అసలు చిక్కు జీఎంఎక్స్_సిమ్డ్ దగ్గర వస్తుంది (సిమ్డ్ అంటే ఒకే ఆదేశంతో ఎన్నో సంఖ్యలను ఒకేసారి లెక్కించే ప్రాసెసర్ సదుపాయం). ఏమీ చెప్పకపోతే సీమేక్ తాను నడుస్తున్న ప్రాసెసర్‌ను చూసి సిమ్డ్ రకాన్ని ఎంచుకుంటుంది. మేము వాడిన క్లస్టర్‌లో లాగిన్ నోడ్ (మనం ప్రవేశించే కంప్యూటర్) కొత్తది, లెక్కలు చేసే నోడ్లు పాతవి కావడంతో, ఏవీఎక్స్_512 అనే కొత్త సిమ్డ్ రకంతో తయారైన ప్రోగ్రామ్ అక్కడ మొదలవుతూనే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని ఆగిపోయేది. జాబ్ ఏ నోడ్‌లో నడుస్తుందో ఆ నోడ్‌లోనే కంపైల్ చేయడం ఉత్తమం; వీలుకాకపోతే దానికంటే పాత రకమైన ఏవీఎక్స్2_256 అని స్వయంగా రాయండి. ఏవీఎక్స్_512 ఉన్న ప్రాసెసర్లన్నింటిలోనూ అదే వేగంగా ఉంటుందనుకోవడం కూడా సరికాదు.

హన్మకొండ పరిశోధక విద్యార్థి: కృతజ్ఞతలు. మరి ఎంపీఐ (పనిని పంచుకునే ప్రోగ్రామ్‌ల మధ్య సందేశాలు నడిపే పద్ధతి), ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ (ఫోరియర్ లెక్కలు చేసే లైబ్రరీ) సంగతి?

కాజీపేట వాసి: ఒకే యంత్రంలో నడిపితే గ్రోమాక్స్‌లోనే ఉన్న థ్రెడ్-ఎంపీఐ చాలు. ఒకటికి మించిన నోడ్ల మీద నడపాలంటేనే జీఎంఎక్స్_ఎంపీఐ ఆన్ చేయాలి. అప్పుడు నడిపే కమాండ్ పేరు కూడా జీఎంఎక్స్ నుంచి జీఎంఎక్స్_ఎంపీఐగా మారుతుంది.

మంచిర్యాల మిత్రుడు: జీఎంఎక్స్_బిల్డ్_ఓన్_ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ ఆన్ చేస్తే ఆ లైబ్రరీని అదే దించుకొని కట్టుకుంటుంది, అయితే ఇంటర్నెట్ లేని నోడ్‌లో ఇది కుదరదు, కాబట్టి అక్కడ ముందే కట్టి ఉంచిన ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూను చూపించాలి. బిల్డ్‌కు వేరే ఫోల్డర్ పెట్టుకోండి, కంపైలర్ మార్చిన ప్రతిసారీ దాన్ని తీసేసి మళ్లీ మొదలుపెట్టండి, ఎందుకంటే సీమేక్ పాత ఎంపికలను క్యాష్‌లో దాచుకుంటుంది. కట్టిన ప్రోగ్రామ్ సరిగా లెక్కిస్తోందో పరీక్షించే ‘మేక్ చెక్’ను ఆలస్యమవుతుందని వదిలేసేవారు ఎక్కువ, తప్పుడు ఫలితాలతో వారాల తరబడి జాబ్ నడపడం కంటే ఆ ఆలస్యమే మేలు. చివరగా, కొత్త గ్రోమాక్స్ ఎక్కడుందో టెర్మినల్‌కు చెప్పే జీఎంఎక్స్ఆర్‌సీ ఫైలును ‘సోర్స్’ కమాండ్‌తో లోడ్ చేయకపోతే పాత ప్యాకేజీయే నడుస్తూ ఉండవచ్చు. ‘జీఎంఎక్స్ --వెర్షన్’ ఇస్తే ప్రిసిషన్, ఎంపీఐ, జీపీయూ, సిమ్డ్ వివరాలన్నీ కనిపిస్తాయి. క్లస్టర్‌లో ఆ కమాండ్‌ను జాబ్ స్క్రిప్ట్‌లోనే మొదటి వరుసల్లో పెట్టండి.