పర్లాకిమిడిలో ఉన్నట్టు మన వైపూ ఒక ప్రైవేటు యూనివర్సిటీ కావాలా?

పాతపట్నం కుర్రాడు:
ఎవరో ట్రస్టు వాళ్లు ప్రైవేటు యూనివర్సిటీ కోసం మా వైపు భూములు చూస్తున్నారని నెల రోజులుగా ఊళ్లో ఒకటే మాట. జీడితోటల రేట్లు అప్పుడే పెరిగిపోయాయి. నేనైతే రావాలనే అంటాను. మా పాతపట్నం శ్రీకాకుళం జిల్లాలో ఉంది, ఒడిశా సరిహద్దు దాటితే కూతవేటు దూరంలో పర్లాకిమిడి. అక్కడి సెంచూరియన్ యూనివర్సిటీ 1997లో మామూలు ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైంది. 2005లో ముక్తికాంత మిశ్రా, డి.ఎన్. రావు దాన్ని చేతుల్లోకి తీసుకున్నారు. 2010లో ఒడిశా అసెంబ్లీ చట్టంతో యూనివర్సిటీ అయింది. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో సగానికి పైగా గిరిజనులే. అలాంటి చోట ఒక్క బీటెక్‌నే నమ్ముకోకుండా, మధ్యలో చదువు మానేసిన పిల్లలకు కూడా చేతిపని ట్రైనింగులు ఇస్తూ నిలబడింది. 2017 నుంచి విజయనగరం జిల్లాలోనూ నడుస్తోంది. అక్కడ అయింది ఇక్కడ ఎందుకు కాదు? మా వీధిలో ఇంటికొకడు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు.

వంశధార మాస్టారు:
బాబూ, యూనివర్సిటీ వద్దని నేను అనను. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ని, ఎలా అంటాను? దానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నదే నా ప్రశ్న. ఫీజుల నుంచే రావాలి. మన మండలంలో లక్షల్లో ఫీజు కట్టగలిగే ఇళ్లెన్ని? అంటే బయటి పిల్లలతో నింపాలి, లేదా ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద బతకాలి.

ఆ రెండో దారి ఎలా ఉంటుందో నేను కళ్లారా చూశాను. నేను పనిచేసిన ఒక ప్రైవేటు కాలేజీలో, ప్రభుత్వం నుంచి డబ్బు పడలేదని ఫైనలియర్ పిల్లల సర్టిఫికెట్లు ఆపేశారు. మెళియాపుట్టి వైపు నుంచి ఒకాయన వచ్చి, మూడు రోజులు వరసగా అకౌంట్స్ గది బయట బెంచీ మీద కూర్చున్నాడు. చేతిలో బట్టల షాపు కవరు, అందులో బ్యాంకు పాస్‌బుక్కు, కూతురి మార్కుల మెమో జిరాక్సు. ఎవరు బయటికొచ్చినా లేచి నిలబడేవాడు. మూడో రోజు జీడిపిక్కలు అమ్మిన డబ్బు తెచ్చి సగం కట్టాడు. అప్పుడు ఇచ్చారు. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరాల్సిన తేదీ అప్పటికే దాటిపోయింది. అప్పులన్నీ తీరిపోయిన ప్రాంతం కాదు బాబూ మనది.

చట్టం ఒక్కటి ఉంటే చాలనుకోకు. ఛత్తీస్‌గఢ్‌లో 2002 చట్టం చూసుకుని 112 ప్రైవేటు యూనివర్సిటీలు పుట్టుకొచ్చాయి. చాలావాటికి క్లాసురూములే లేవు. శాస్త్రవేత్త ప్రొఫెసర్ యశ్‌పాల్ కోర్టుకెళ్తే 2005లో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది.

ఎచ్చెర్ల చెల్లి:
మాస్టారు చెప్పింది నిజం. నేను ఎచ్చెర్లలో ప్రభుత్వం నడిపే ట్రిపుల్ ఐటీలో చదివాను. పదో తరగతి మార్కులతో సీటొచ్చింది. ఎంసెట్ కోచింగ్ లేదు, మేనేజ్‌మెంట్ కోటా మాటే లేదు. 2008లో మూడు క్యాంపస్‌లతో మొదలుపెట్టారు, శ్రీకాకుళానికి 2016లో వచ్చింది. సర్కారు బడి పిల్లల కోసం ప్రభుత్వం ఇంత చేయగలిగినప్పుడు, మనం ట్రస్టు వాళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడటం దేనికి?

పాతపట్నం కుర్రాడు:
అక్కా, ప్రభుత్వాన్ని అడగొద్దని నేను అనట్లేదు. కానీ రాష్ట్ర యూనివర్సిటీల్లో రెగ్యులర్ పోస్టులు నింపక, గెస్ట్ లెక్చరర్లతో నెట్టుకొస్తున్నారు కదా. అదీ కాక, మన దగ్గర 2016లో ప్రైవేటు యూనివర్సిటీల చట్టం వచ్చింది. తర్వాత సవరణ చేసి 35 శాతం సీట్లు కన్వీనర్ కోటాకి, అంటే ర్యాంకుల ప్రకారం ప్రభుత్వం నింపే సీట్లకి, ఇవ్వాలన్నారు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం 25 శాతం సీట్లు స్థానికులకే. పేదవాడికి దారి ఉన్నట్టే కదా?

ఎచ్చెర్ల చెల్లి:
తమ్ముడూ, ఆ ‘స్థానికులు’ అన్న మాట దగ్గరే మోసపోతాం. తెలంగాణ లెక్కలో రాష్ట్రం మొత్తం స్థానికమే. మన అడ్మిషన్లలో ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా అంటే శ్రీకాకుళం నుంచి గుంటూరు దాటి ప్రకాశం దాకా. పాతపట్నం హాస్టల్లో చదివిన పిల్లాడు విజయవాడ కార్పొరేట్ కాలేజీలో రెండేళ్లు రుబ్బించుకున్న పిల్లాడితో ఒకే ర్యాంకు లిస్టులో ఉంటాడు. భూమి మా మండలానిది, సీటు రాష్ట్రానిది. మండలం పిల్లలకు ఎన్ని సీట్లు అన్నది ట్రస్టు వాళ్లు రాతపూర్వకంగా ఇస్తేనే దానికి విలువ.

జీడితోట కోడలు:
మా మామగారు వేరే చోట ఇలాగే కాలేజీకి రెండెకరాలు అమ్మారు. మంచీ జరిగింది, చెడూ జరిగింది. రోడ్డు పడింది, బస్సు వచ్చింది. మా మరిది గేటు ముందు జిరాక్సు షాపు పెట్టాడు, నేను హాస్టల్ పిల్లలకు కర్రీలు చేసి అమ్మేదాన్ని. 2020లో కరోనాకి కాలేజీ మూతపడితే రెండూ మూతపడ్డాయి. అప్పటికి తోట లేదు. ఇంట్లో ఉద్యోగమంటే మా పెద్దమ్మాయి ఆ గేటు లోపల ఊడ్చే పని ఒక్కటే. చదువుకోవడానికి మాత్రం మా ఇంటి నుంచి ఎవ్వరూ ఆ గేటు దాటలేదు. నాకు ఇప్పటికీ నిద్ర పట్టని మాట అదే.

వంశధార మాస్టారు:
అమ్మా, మీరు చెప్పింది ఆ ట్రస్టు వాళ్లు వినాలి.

ఇంకో మాట. పర్లాకిమిడి అంటే గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు. రాజావారి కాలేజీలో పనిచేస్తూనే ఆయన అక్కడి సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే బడులు నడిపారు. ఉన్న చోటి మనుషుల్ని చూసి చదువు చెప్పడమంటే అది. వచ్చే యూనివర్సిటీ సీఎస్‌ఈ సెక్షన్లు పది తెరిచి ఊరుకుంటే ఆ భవనం ఎక్కడున్నా ఒకటే. మన జిల్లా ఉద్దానంలో జనం కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు. పలాస జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ల చేతులు జీడిపిక్క పెంకులోని నూనెకి కాలిపోతున్నాయి. వాటి మీద పనిచేసే డిపార్ట్‌మెంటు ఒక్కటి పెడతామంటే నేను పెన్షన్ మీద బతుకుతూ జీతం లేకుండా పాఠాలు చెబుతాను.

పాతపట్నం కుర్రాడు:
మాస్టారూ, నేను ఇప్పటికీ రావాలనే అంటున్నాను. కాకపోతే భూమి విషయంలో మనసు మారింది. అమ్మడం కాదు, లీజుకి ఇద్దామని మా నాన్నతో రాత్రి మాట్లాడాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు, అక్కపెళ్లి అప్పు ఉంది. ఆదివారం ఊళ్లో మీటింగు పెట్టారు. మండలం పిల్లలకు ఎన్ని సీట్లు, రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైనా సర్టిఫికెట్లు ఆపబోమని రాసిస్తారా, లెక్చరర్లు ఇక్కడే కాపురం ఉంటారా, ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాను. మీరు కూడా వస్తే బాగుంటుంది. నేను అడిగితే కుర్రాడివి కూర్చోమంటారు.

వంశధార మాస్టారు:
వస్తాను బాబూ. మెళియాపుట్టి ఆయన ఊరు నాకు తెలుసు. రమ్మని అడిగి చూస్తాను.