బెంగళూరులో నాన్నకి క్లాసిక్ రాక్ లైవ్‌లో వినిపించాలి, ఎక్కడికి తీసుకెళ్ళాలి?

గుంటూరు మిర్చి:
దసరా సెలవులకి నాలుగు రోజులు బెంగళూరు వస్తున్నాం. నేను, అమ్మ, నాన్న, తమ్ముడు. నాన్నకి 60 దాటాయి. ఇంజనీరింగ్ హాస్టల్లో రూమ్మేట్ దగ్గర పింక్ ఫ్లాయిడ్, ఈగల్స్, డీప్ పర్పుల్ లాంటి పాత రాక్ బ్యాండ్ల క్యాసెట్లు విని విని పిచ్చి పట్టిందాయనకి, ఇప్పటికీ పొద్దున్నే గడ్డం గీసుకుంటూ ముందు ఘంటసాల, తర్వాత అవే. స్టేజీ మీద ఎవరైనా వాయిస్తుంటే మాత్రం ఒక్కసారీ చూడలేదు. 2002లో, ఒకప్పుడు పింక్ ఫ్లాయిడ్‌లో పాడిన రోజర్ వాటర్స్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చినప్పుడు వెళ్దామనుకుని, నా స్కూలు ఫీజు కట్టాల్సి వచ్చి ఆగిపోయారట. మొన్నీమధ్యే అమ్మ చెప్పింది, అప్పట్నుంచి మనసు పీకుతోంది. వేరేవాళ్ళ పాటలు వాయించే కవర్ బ్యాండ్ అయినా సరే, బాగా వాయించేవాళ్ళు కావాలి. పబ్బంటే అమ్మకి ఇబ్బందిగా ఉంటుందా? తమ్ముడికి 19, రానిస్తారా?

వైట్‌ఫీల్డ్ వాసి:
చర్చ్ స్ట్రీట్, ఇందిరానగర్, కోరమంగళ, ఈ మూడు చోట్లే వెతకండి. ఫలానా చోటికి వెళ్ళండి అని చెప్పలేను, ఎందుకంటే బ్యాండ్లు వారం వారం మారుతుంటాయి. ఆ వారం ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి, ఫోన్ చేసి "బ్యాండా, డీజేనా, గిటార్‌తో ఒక్కడేనా" అని కచ్చితంగా అడగండి. లైవ్ మ్యూజిక్ అని పోస్టర్ చూసి వెళ్తే ఒకతను కూర్చుని హిందీ పాటలు పాడుతున్నాడు, నాకు రెండుసార్లు అయ్యింది. బ్రిగేడ్ రోడ్ దగ్గర పెకోస్ అనే పబ్ 1989 నుంచి ఉంది, నాన్నగారికి తప్పక నచ్చుతుంది, కాకపోతే అక్కడ ఎక్కువగా రికార్డు పాటలే. మధ్యాహ్నం అక్కడ కూర్చుని సాయంత్రం బ్యాండ్‌కి వెళ్ళండి. తమ్ముడి సంగతి ముందే అడగాలి, చాలాచోట్ల 21 లోపు వాళ్ళను గుమ్మంలోనే ఆపేస్తారు. కవర్ ఛార్జ్, అంటే లోపలికి వెళ్ళడానికి కట్టే డబ్బు, బిల్లులో తగ్గిస్తారో లేదో కూడా కనుక్కోండి. రాత్రి 11 దాటితే మెట్రో మీద ఆశ పెట్టుకోవద్దు.

బేస్ తీగ:
నేను ఇక్కడే ఒక కవర్ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయిస్తాను, ఆదివారాలు మాత్రమే. స్టేజీ ముందు టేబుల్ ఇస్తామంటే సంబరపడి కూర్చోకండి, స్పీకర్ సూటిగా చెవిలో పడుతుంది, పాట వినపడదు, మోతే వినపడుతుంది. సౌండ్ సరిచేసే మిక్సర్ ఎక్కడ పెట్టారో చూసి దాని పక్కన కూర్చోండి. మిక్సర్ నడిపే అబ్బాయి అక్కడ నిలబడి వింటూనే అన్నీ సరిచేస్తాడు కాబట్టి హాలు మొత్తంలో బాగా వినిపించేది అక్కడే. ఇంకోటి, ఇద్దరు గిటారిస్టులున్న బ్యాండ్‌నే ఎంచుకోండి. ఈగల్స్ పాట హోటల్ కాలిఫోర్నియా చివర్లో రెండు గిటార్లు ఒకదాన్నొకటి పట్టుకుని దిగుతాయి కదా, ఒక్కడే ఉంటే రెండో వరస కీబోర్డు మీద లాగిస్తారు. నాన్నగారికి వెంటనే తెలిసిపోతుంది. మొదటి సెట్‌లో, అంటే విరామం ముందు వాయించే పాటల్లో, చేతులు ఇంకా కుదురుకోవు, విరామం తర్వాత అసలు వాయింపు మొదలవుతుంది, మధ్యలో లేచిపోవద్దు. పాట అడగాలంటే విరామంలోనే చెప్పండి, మేం సంతోషంగా వాయిస్తాం.

కూకట్‌పల్లి టు కోరమంగళ:
మా అమ్మని తీసుకెళ్ళాను, ఏ ఇబ్బందీ లేదండి. ఏడున్నరకే వెళ్ళి తినేయండి, తొమ్మిది దాటాక జనం, గోల. చెవుల్లోకి దూది కాదు, మందుల షాపులో ఇయర్‌ప్లగ్స్ దొరుకుతాయి, అవి కొనండి.

గుంటూరు మిర్చి:
వెళ్ళొచ్చాం, అందరికీ థాంక్స్. తమ్ముణ్ణి రానివ్వలేదు, వాడు మా పిన్ని ఇంట్లో ఉండిపోయాడు. మిక్సర్ పక్కనే కూర్చున్నాం. నాన్న మొదటి గంట ఏమీ మాట్లాడలేదు, నచ్చలేదేమో అని టెన్షన్ పడ్డాను. విరామంలో తనే లేచి వెళ్ళి గిటార్ అబ్బాయితో ఏదో చెప్పి వచ్చారు. రెండో సెట్‌లో ఆ రెండు గిటార్లు మొదలవగానే ఆయన ఎడమచేతి వేళ్ళు టేబుల్ అంచు మీద ఒక్కొక్క స్వరానికీ కదులుతున్నాయి, ఒక్కటీ తప్పలేదు. నాన్నకి గిటార్ వచ్చని నాకు తెలియదు. అమ్మని అడిగితే, పెళ్ళికి ముందు ఒకటుండేది, అమ్మేశారు అంది. బేస్ తీగ గారూ, 60 ఏళ్ళ చేతికి సరిపోయే అకూస్టిక్ గిటార్ ఏది కొనాలో చెప్తారా, తీగలు మెత్తగా ఉండాలి.